గోరు తగిలిన చోట

ఇంజన్లు విప్పేవాళ్ళకి ఒక అలవాటు అబ్బుతుంది. లోపల్నించి తీసిన ఏ ఉక్కు ముక్క మీదైనా బొటనవేలి గోటిని అడ్డంగా లాగి చూస్తారు. గీత కంటికి కనబడటం వేరు, గోటికి తగలడం వేరు. కంటికి మాత్రమే కనబడితే పాలిష్ చేసి వాడుకోవచ్చు. గోరు అందులో పడి ఆగిందా, ఆ ముక్క గ్రైండింగ్‌కి వెళ్ళాల్సిందే. డెట్రాయిట్ శివార్లలో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో మెషీన్ షాపు నడిపే ఒక ముసలాయన, అచ్చం మన లేత్ షాపు మేస్త్రిలాగే గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, నాకు చెప్పిన పాఠమిది.

నా గోరు ఆగింది. నేను పంపలేదు.

కారు 1990 మోడల్ మాజ్దా మియాటా. రెండే సీట్లు, పైకప్పు మడిచి వెనక్కి పడేసుకోవచ్చు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం చూసినప్పటి నుంచీ దాని ఆకర్షణ అంతా తేలికదనంలోనే ఉంది. ఇంజన్ 1,598 సీసీ, 116 హార్స్‌పవర్, బరువు ఒక టన్నుకి దరిదాపు, అంతే. 2014లో నా చేతికొచ్చేసరికి అది లక్షా అరవై ఎనిమిది వేల మైళ్ళు తిరిగింది. అంతకుముందు నడిపినవాళ్ళు ఆయిల్ మార్చడం పండక్కో పబ్బానికో చేసుంటారు. కాలు గట్టిగా నొక్కితే వెనకాల నీలం పొగ. కంప్రెషన్ కొలిస్తే మూడు సిలిండర్లు 150 పైన చూపించాయి, నాలుగోది 105. ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలిస్తే అది 140కి లేచింది. అంటే తప్పు వాల్వులది కాదు, రింగులూ సిలిండర్ గోడలూ అరిగిపోయాయి. మన భాషలో చెప్పాలంటే ఇంజన్ బోరుకొచ్చింది.

ఆ మాట నాకు చిన్నప్పుడే తెలుసు. తొంభైల్లో తెనాలిలో మా నాన్నగారి బజాజ్ చేతక్ ఇలాగే బోరుకొచ్చింది. మెకానిక్ సిలిండర్ని లేత్ షాపులో బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేసి, మూడో రోజు బండి అప్పజెప్పాడు. దాంతోపాటు పాత పిస్టనూ, పాత రింగులూ న్యూస్‌పేపర్లో చుట్టి, అడక్కుండానే నాన్నగారి చేతిలో పెట్టాడు. ఆయన ఒక రింగుని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి చూసి, గంభీరంగా తలాడించారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదని నాకిప్పుడు తెలుసు. ఆ మెకానిక్‌కి అప్పుడే తెలిసి ఉంటుంది. అయినా ఇచ్చాడు, ఈయన చూశారు. ఆ పిస్టన్ మా ఇంట్లో కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా చాలా ఏళ్ళు కాపలా కాసింది. మూసేసిన ఇంజన్ లోపల ఏం చేశారో చూపించడానికి మన ఊళ్ళలో ఉన్న పద్ధతి అదొక్కటే. వేసిన కొత్తది చూపించలేరు కాబట్టి, తీసిన పాతది చూపిస్తారు.

2016 చలికాలంలో గరాజ్‌లో హీటరు పెట్టుకుని, అద్దెకి తెచ్చిన క్రేన్‌తో ఇంజన్ బయటికి లాగాను. అరిగినవి మార్చి మళ్ళీ బిగించేద్దామనే అనుకున్నాను. కానీ 'ఎలాగూ విప్పాం కదా' అనే మాట ఒకటుంది. ఇల్లు బాగుచేయించుకున్న ప్రతివాడికీ దాని ఖరీదు తెలుసు. 78 మిల్లీమీటర్ల సిలిండర్లని 78.5కి బోరు చేయించాను. దాంతో పెరిగేది మొత్తం మీద ఇరవై సీసీలే. అంతమాత్రానికి ఇంత శ్రమా అని ఫోర్జ్‌డ్ పిస్టన్లు తెప్పించాను. 9.4 ఉండాల్సిన కంప్రెషన్ నిష్పత్తి పదిన్నరకి వెళ్ళింది. ఆ తరవాత తేలికపాటి ఫ్లైవీలు. ఆ తరవాత తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు హెడర్. ఆ తరవాత కామ్‌షాఫ్టులు. నాలుగూ కలిపి పద్దెనిమిది వందల డాలర్లు దాటాయి. ఆ అంకె మా ఆవిడకి చెప్పలేదు. అదో చిన్న అబద్ధం, దానికి శిక్ష అప్పుడే పడిపోయింది కాబట్టి ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

క్రాంకుని అన్నిటికన్నా చివర కడిగాను. రెండో కనెక్టింగ్ రాడ్డు పట్టుకునే చోట సన్నటి గీత. గోరు లాగాను. ఆగింది. ఇంకోసారి లాగాను. చూపుడు వేలి గోటితో లాగాను. మనిషి తనకి కావలసిన జవాబు వచ్చేదాకా ఎన్ని గోళ్ళయినా ప్రయత్నిస్తాడు.

గ్రైండ్ చేయించి, దానికి సరిపోయే అండర్‌సైజు బేరింగులు కొనాలంటే రెండొందల యాభై డాలర్లు, మూడు వారాలు. స్టాండర్డ్ సైజు బేరింగులు అప్పటికే కొని, డబ్బా చింపేశాను. పిస్టన్లకీ హెడర్‌కీ లేని లెక్క ఇక్కడ గుర్తొచ్చింది. సన్నటి ఎమరీ పట్టీ తీసుకుని, బూటుకి పాలిష్ పెట్టినట్టు ఇరవై నిమిషాలు రుద్దాను. ఆ తరవాత ప్లాస్టిగేజ్ పెట్టి కొలిచాను. ఇది నూలుపోగులాంటి మైనపు తీగ. బేరింగు బిగించి విప్పితే నలిగి వెడల్పవుతుంది, ఆ వెడల్పుని కాగితం మీది కొలతతో పోల్చి ఖాళీ ఎంతో చెప్పొచ్చు. 0.04 మిల్లీమీటర్లు వచ్చింది. తలవెంట్రుక మందం కన్నా తక్కువ, అంటే సరిగ్గా ఉండాల్సినంతే. పరికరం నా పక్షాన సాక్ష్యం చెప్పింది. గీత సంగతి ఆ పరికరానికి తెలియదు, అది ఖాళీని మాత్రమే కొలుస్తుంది. నోటుపుస్తకంలో తేదీ వేసి 0.04 అని రాసుకున్నాను. గోరు ఆగిందని రాసుకోలేదు.

తిరుగుతున్న ఇంజన్లో క్రాంకు బేరింగుల్ని తాకదు. మధ్యలో పల్చటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ పొర తెగితే లోహం లోహాన్ని తాకుతుంది, బేరింగు తినేస్తుంది, ముందు టకటకమని చప్పుడు, ఆ తరవాత రాడ్డు విరిగి బ్లాకు గోడ పగలగొట్టుకుని బయటికి రావచ్చు. ఫ్రీవే మీద డెబ్భై మైళ్ళ వేగంలో అలా జరగడానికి ఒక క్షణం చాలు. ఇదంతా తెలిసే మూసేశాను.

హాల్లో ఇటాలియన్ మార్బుల్ పరిచి, స్లాబులో సిమెంటు తగ్గించిన మేస్త్రిని తిట్టని తెలుగువాడుండడు. నేనూ తిట్టాను, తెనాలి ఇంటి విషయంలో. నా ఇంజన్లో నేను చేసింది అదే పని. మా ఊరి తెలుగువాళ్ళ పార్టీల్లో ఎవరైనా బానెట్ ఎత్తమంటే హెడర్ చూసి అబ్బో అనేవారు. క్రాంకు చూపించమని ఎవరూ అడగలేదు. ఉద్యోగంలోనూ నా బతుకు ఇంతే. ప్రాజెక్టు అయ్యాక కన్సల్టెంటు వెళ్ళిపోతాడు. నేను రాసినవి చాలామటుకు నేను వెళ్ళాకే చెడిపోయి ఉంటాయి, ఎవరో అర్ధరాత్రి లేచి సరిచేసి ఉంటారు. వాళ్ళ మొహాలు నాకు తెలియవు.

రెండున్నరేళ్ళు నడిపాను, నాలుగు వేల మైళ్ళు. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ కాలపు మియాటాలో ఆయిల్ ప్రెషర్ మీటరు నిజంగా కొలిచి చూపిస్తుంది. ఇంజన్ వేడెక్కి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ముల్లు నేననుకున్నదానికన్నా కొంచెం కిందికి దిగేది. ముల్లు దిగేదో, నాకు అలా అనిపించేదో.

2019లో, పిల్లలిద్దరూ సీట్లు రెండూ అయ్యాక, అమ్మకానికి పెట్టాను. తెలిసినవాళ్ళ ద్వారా ఒక కుర్రాడు వచ్చాడు. ఖమ్మం నుంచి ఎమ్మెస్ చదవడానికొచ్చిన పిల్లాడు. హెడర్ చూసి మురిసిపోయాడు. 'అన్నా, మీరే చేశారా ఇంజన్!' అన్నాడు. ఐదు వేలకి ఒప్పందం కుదిరింది. అక్కడే నిలబడి వాట్సాప్‌లో వాళ్ళ నాన్నగారికి కారు చూపించాడు, ఆ తరవాత ఫోను నాకిచ్చాడు.

'బండి మంచిదేనా బాబూ?' అని అడిగారాయన.

'మంచిదేనండీ,' అన్నాను.

ఆ మాటలో అబద్ధం ఎక్కడుందో చెప్పమంటే చెప్పలేను. బండి నడుస్తోంది. చట్టం కూడా నా వైపే ఉంది. డీలర్లు అద్దానికి అంటించాల్సిన కాగితం నాలాంటివాడికి అక్కర్లేదు, ఉన్నదున్నట్టు అమ్మేయొచ్చు. మన 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టంలో కూడా కొనేవాడే చూసుకోవాలన్నది మొదటి సూత్రం, మినహాయింపులు ఆ తరవాత. ఈ తగాదా చాలా పాతది. రోమన్ వక్త సిసిరో క్రీస్తుకి పూర్వం 44లో కర్తవ్యాల మీద రాసిన పుస్తకంలో, లోపాలున్న ఇంటిని వాటి గురించి చెప్పకుండా అమ్మేవాడి సంగతి ఎత్తాడు. అందులో ఇద్దరు తత్వవేత్తల వాదం ఉంది. అడగనిదానికి నోరు విప్పకపోవడం దాచడమెలా అవుతుందంటాడు డయోజినిస్. కొనేవాడికి తెలియాల్సింది నీకు తెలిసినప్పుడు చెప్పి తీరాలంటాడు అతని శిష్యుడు యాంటిపేటర్. సిసిరో శిష్యుడి పక్షమే తీసుకున్నాడు. నా చిక్కు అక్కడ కూడా పూర్తిగా తేలలేదు. ఎందుకంటే నన్ను అడిగారు. వేల మైళ్ళ అవతల, కారు గురించి ఏమీ తెలియని ఒక తండ్రి, అడగగలిగిన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. క్రాంకు మీద గీత ఉందా అని అడగడం ఆయనకి చేతకాదు. ప్రశ్న సరిగ్గా అడగడం రానివాడికి ప్రశ్న వరకే జవాబివ్వడం తెలివి కావచ్చు. నాకు మాత్రం రాత్రంతా ఆ న్యూస్‌పేపరు పొట్లమే గుర్తొచ్చింది. అడక్కుండా ఇచ్చినవాడు ఆ మెకానిక్.

మర్నాడు సాయంత్రం కుర్రాడికి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయిల్ పొర, బేరింగు, గోరు, అన్నీ. ఓపిగ్గా విన్నాడు.

'సరే అన్నా. ఎంత తగ్గిస్తారు?' అన్నాడు.

అక్కడితో నా పని అయిపోయిందని మా ఆవిడ తీర్పు. 'చెప్పేశారుగా, ఇంక వాడిష్టం' అంది. నిజమే, ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునే కాగితం లాంటిదది. అందులో ఉన్నదంతా నిజమే, పెట్టేవాడికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. నేను చెప్పినది ఆ పిల్లాడి చెవిలో ఎనిమిది వందల డాలర్ల తగ్గింపుగా మారింది. నా మనసు మీది బరువు వాడి నెత్తికెత్తి, పైన కూలి ఇస్తున్నట్టయింది. పైగా ఆ తగ్గింపు స్టీరింగు పట్టుకున్నవాడికే. పక్క సీట్లో కూర్చునే స్నేహితుడికి ఎవరు తగ్గించారు?

కొన్నాళ్ళు ఆగమన్నాను. అక్టోబర్లో ఇంజన్ మళ్ళీ కిందికి దించాను.

బేరింగు విప్పి చూస్తే సన్నటి గీతలు రెండు. రాగి బయటపడలేదు, ఎక్కడా తినలేదు. మెషీన్ షాపు ముసలాయన కళ్ళద్దాలు పైకి తోసి చూసి, ఇది ఇంకో యాభై వేల మైళ్ళు నడిచేదేమో అన్నాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఊరట కలగలేదు, కోపమొచ్చింది. రెండొందల అరవై డాలర్లూ, అమ్మకమూ, ఆరు శనివారాలూ ఉత్తపుణ్యానికి పోయాయి.

1877లో క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త నమ్మకాల నీతి మీద ఒక వ్యాసం రాశాడు. అది ఒక ఓడ యజమాని కథతో మొదలవుతుంది. ఓడ పాతది, మరమ్మతు కావాలని అతనికే అనుమానం. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్ళొచ్చింది కదా, దేవుడున్నాడు అని తనకి తానే నచ్చజెప్పుకుని, వలస వెళ్ళే కుటుంబాల్ని ఎక్కించి పంపేస్తాడు. ఓడ మునిగిపోతుంది. ఇంతవరకూ ఎవరైనా రాసేదే. క్లిఫర్డ్ ఆ తరవాత, ఒకవేళ ఓడ మునగలేదనుకోండి, అతని తప్పు ఏమైనా తగ్గుతుందా అని అడుగుతాడు. రవ్వంత కూడా తగ్గదని జవాబూ అతనే చెప్తాడు. తప్పు బయటపడలేదు, అంతే.

కాలేజీ రోజుల్లో చదివుంటే కాదని వాదించేవాణ్ణి. పరీక్ష పాసైన ప్రోగ్రాము పాసైనట్టే కదా అనేవాణ్ణి. ఇప్పుడు అతను చెప్పింది ఒప్పుకుంటాను, ఒక్క ఫిర్యాదుతో. మునగని ఓడ యజమాని ఇంటికెళ్ళి హాయిగా భోంచేస్తాడు. తన అంచనా సరైనదేనని ఆ రోజు నుంచి ఇంకా గట్టిగా నమ్ముతాడు. నేనూ నాలుగు వేల మైళ్ళు అలాగే భోంచేశాను. కలిసొచ్చినకొద్దీ గీత ఉన్నట్టే మర్చిపోతూ వచ్చాను. ఖమ్మం నుంచి ఆ ప్రశ్న రాకపోతే పూర్తిగా మర్చిపోయి ఉండేవాణ్ణి. క్లిఫర్డ్ ఆ సంగతి ఇంకొంచెం రాసుంటే బాగుండేది.

క్రాంకు 0.25 మిల్లీమీటర్లు గ్రైండ్ అయి వచ్చింది. ఇంజన్ బిగించేలోపే కుర్రాడు వేరేచోట పాత కరోలా కొనుక్కున్నాడు. నవంబర్లో ఒకసారి చుట్టపుచూపుగా వచ్చాడు. పాత బేరింగుల్ని కిరాణా కొట్టు ప్రకటనల కాగితంలో చుట్టి ఉంచాను, ఇచ్చాను. గరాజ్ లైటు కింద పొట్లం విప్పి, తిప్పి తిప్పి చూశాడు.

'బానే ఉన్నయ్ కదన్నా, ఎందుకు విప్పారు?'

గోటితో గీకి చూడమన్నాను. చూశాడు.

'ఏం తగల్లేదు,' అన్నాడు.

గీత ఉన్నది వాటి మీద కాదు, క్రాంకు మీద. అది గ్రైండింగులో పోయింది.