బల్లమీద సరి, ఒంటిమీద సరి

ఎంబ్రాయిడరీ మెషీన్ ఇంట్లోకి వచ్చాక కుట్టు స్త్రీల చేతుల్లోంచి జారిపోయిందని కొందరంటారు. నిజమే, కుట్టు వేసేది ఇప్పుడు మెషీనే. సూది ఎక్కడెక్కడ దిగాలో మిల్లీమీటరులో పదోవంతు లెక్కతో సహా డిజైన్ ఫైల్లో ముందే ఉంటుంది. కానీ ఆ డిజైన్ బట్టమీద ఏ చోట ఉండాలో అందులో ఉండదు. మెషీన్‌కి తెలిసింది ఫ్రేము నడిమధ్య మాత్రమే. ఆ నడిమధ్యని, ఒంటిమీద పువ్వు ఉండాల్సిన చోటుకి తెచ్చే పని ఇంకా మనిషిదే. అది కొలతతో తీరిపోయే పనేనా, అందులో నైతిక నిర్ణయం కూడా ఉందా?

ముందు కొలత సంగతి. డిజైన్‌ని అసలు సైజులో కాగితంమీద ప్రింటు తీసి, నడిమధ్యలో కలిసేలా నిలువు, అడ్డగీతలు గీస్తారు. బట్టమీద కూడా సుద్దతోనో, చెరిగిపోయే పెన్నుతోనో అలాంటి గీతలే గీస్తారు. బట్టని సాగదీసి ఫ్రేములో బిగిస్తే అప్పటికి నున్నగానే ఉంటుంది. విప్పాక వెనక్కి ముడుచుకుని పువ్వు చుట్టూ ముడతలు పడుతుంది. అందుకే కింద స్టెబిలైజర్ వేసి, సాగకుండా బిగించాలి. తర్వాత చేత్తో చక్రం తిప్పి, గీతలు కలిసేచోటే సూది దిగుతుందో లేదో చూసుకోవాలి. పట్టుబట్టకి పడిన సూది రంధ్రం కుట్టు విప్పినా పూర్తిగా పోదు మరి.

పది నిమిషాల్లో కుట్టే పువ్వుకి గుర్తులు పెట్టడానికే అరగంట పట్టొచ్చు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీలో డబ్బు సాధారణంగా వెయ్యికుట్లకి ఇంత అని కడతారు. ఆ అరగంటలో ఒక్క కుట్టూ పడదు కాబట్టి అది లెక్కలోకి రాదు. ఇంటిపని గురించి మనం ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న మాటే ఇది.

రోజికా పార్కర్ 'ది సబ్‌వర్సివ్ స్టిచ్' (1984)లో, ఎంబ్రాయిడరీ స్త్రీలకి అణకువ నేర్పిన సాధనమూ, వాళ్ల ప్రతిఘటనకి దారీ అయిందని చూపించింది. గీసిన గీత దాటకుండా కుట్టడం ఆ అణకువలో భాగమే. అయితే కచ్చితత్వమంటే విధేయతేనా?

మా కాలనీలో ఇంట్లోనే మెషీన్ పెట్టుకున్న ఒకామె దగ్గరికి నా స్నేహితురాలితో వెళ్లాను. కాన్సర్ వల్ల ఆమెకి ఒక రొమ్ము తీసేశారు. కుర్తా ముందుభాగంలో అటొకటి, ఇటొకటి పువ్వు కావాలి. భుజం కుట్టు నుంచి రెండువైపులా ఒకే కొలత పెడితే పనైపోయేది. కానీ రొమ్ము ఎత్తు లేనివైపు బట్ట నేరుగా జారుతుంది, పువ్వు కిందికి దిగినట్టు కనబడుతుంది. కుట్టే ఆమె అడిగింది: "అక్కా, వేసుకున్నాక రెండూ ఒక్క వరసలో కనబడాలా? గుడ్డ ఎలా పడితే అలా ఉండనివ్వాలా?" స్నేహితురాలు కాసేపు ఆలోచించి, "ఒక్క వరసలోనే ఉండనీ" అంది. కుర్తా వేయించి, చేతులు వదులుగా వదిలి నిలబడమని, కాగితం పువ్వులు గుండుసూదులతో పెట్టి అప్పుడు గుర్తులు గీసింది. విప్పి బల్లమీద పరిస్తే ఒక పువ్వు రెండోదానికంటే అరంగుళం పైన ఉంది. బల్లమీద వంకర, ఒంటిమీద సరి.

రెండువైపులా సమంగా కనబడాలన్న కోరిక కూడా స్త్రీ శరీరంమీద రుద్దిన కొలతే కదా అనొచ్చు. అనాల్సిందే. కానీ ఆ ప్రశ్నకి ఆమె తరఫున జవాబు చెప్పే హక్కు కుట్టేవాళ్లకీ లేదు, సిద్ధాంతాలు చదువుకున్న నాకూ లేదు. "ఎలా పడితే అలా ఉండనీ" అని ఆమె అని ఉంటే, ఆ మాటకీ అంతే శ్రద్ధగా గుర్తులు పెట్టాలి.

అందరికీ ఒకే కొలత పెట్టడాన్ని న్యాయం అనుకోవడం మనకి అలవాటు. అలాగని అందాజాని నెత్తికెత్తుకోనక్కర్లేదు. ఆ అరంగుళం కూడా టేపు పెట్టి కొలిచిందే. కాకపోతే ఆ టేపు పెట్టడానికి ముందు ఒక స్త్రీని ఆమెకేం కావాలో అడిగారు. అడగడం, నిలబెట్టి చూడడం, మళ్లీ కొలవడం - వెయ్యికుట్ల లెక్కలో ఎక్కడా కనబడని ఈ పనికి కూలి ఎవరు కడతారు?