ఎదురుచూడడం కూడా పనేనా?

తుప్పుతో బిగిసిపోయిన బోల్టు మీద నూనె వేసి, మర్నాడు పొద్దుటిదాకా ముట్టకుండా వదిలేసిన ఫిట్టరు ఆ రాత్రి పని చేసినట్టా, చేయనట్టా? భగవద్గీత నాలుగో అధ్యాయం కర్మ (చేయాల్సిన పని), అకర్మ (పని చేయకపోవడం), వికర్మ (చేయకూడని పని) అని మూడింటిని వేరుచేసి, ఏది ఏదో తేల్చుకోలేక జ్ఞానులు కూడా తికమకపడ్డారని చెబుతుంది. ఆ తికమక యజ్ఞశాలకో ఆశ్రమానికో పరిమితమైనది కాదు. చేతిలో పానా ఉన్న ప్రతివాడికీ ఎదురవుతుంది.

ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో మరీ ఎక్కువగా ఎదురవుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వెలసిన వర్క్‌షాపు చుట్టూ పెరిగిన పట్టణం అది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైలు కొలువు కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే దాని వెనక వాళ్ల కోరిక ఉంది. వానల్లో తడిసి, ఉప్పుగాలి తగిలే తీరపు లైన్ల మీద తిరిగిన పెట్టెలూ వ్యాగన్లూ ఓవర్‌హాల్‌కు వచ్చేది ఇలాంటి వర్క్‌షాపుకే. వాటి అడుగుభాగంలో చేతికి లొంగని నట్టు లేకుండా ఉండదు.

నట్టు లొంగకపోవడానికి కారణం తుప్పు పెరగడం. ఇనుము, ఆక్సిజన్, నీరు కలిసి పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరకూ బోల్టు మరకూ మధ్య ఉన్న సన్నని సందులో అంత చోటు లేదు. అందుకని తుప్పు రెండువైపులా నొక్కి పట్టేస్తుంది. ఆ సందులోకి దిగాలంటే నూనె బాగా పల్చగా ఉండాలి, తలతన్యత తక్కువగా ఉండాలి. అప్పుడే కేశనాళికా చర్య దాన్ని లోపలికి, అవసరమైతే పైకి కూడా, లాక్కుంటుంది. ఈ పనికోసం అమ్మే చాలా నూనెల్లో త్వరగా ఆవిరయ్యే ద్రావకం ఒకటి, అది లోపలిదాకా మోసుకెళ్లి వదిలే కందెన ఒకటి ఉంటాయి.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ద్రవత్వాన్నీ స్నేహాన్నీ రెండు వేరు గుణాలుగా లెక్కిస్తుంది. మొదటిది పారడానికి కారణం, రెండోది పొడిని ముద్దకట్టించడానికి కారణం. నూనె ఎంచుకునేవాడికి ఈ విభజన ఇవాళ్టికీ పనికొస్తుంది. గేర్‌బాక్సులో పోసే నూనెకు లోహాన్ని అంటిపెట్టుకునే గుణం ముఖ్యం, బిగిసిన మరలోకి దూరాల్సినదానికి పారే గుణం ముఖ్యం. మంచి ఇంజనాయిలు ఎంత పోసినా తుప్పు పైనే నిలిచిపోతుంది. 1953లో శాన్ డియాగోలో తయారైన డబ్ల్యూడీ-40 మొదట తేమను తరిమికొట్టడానికి, తుప్పు రాకుండా చూడడానికి పుట్టింది. లేత తుప్పుకు అది చాలు. ఏళ్లతరబడి ముదిరినదానికి బిగుసుకున్న మరలు వదిలించడానికే చేసిన నూనె మేలు. కిరసనాయిలు, డీజిలు చవకైన పాత మందులు. నెమ్మదిగానైనా పనిచేస్తాయి. ఆటోమేటిక్ గేర్ల నూనెలో సగానికి సగం అసిటోన్ కలిపే పద్ధతికి అమెరికా మెకానిక్కుల్లో మంచి పేరుంది. కానీ ఆ రెండూ కలిసి ఉండవు, వాడే ప్రతిసారీ గిలకొట్టాలి. పైగా అసిటోన్ ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. వెల్డింగ్ నిప్పురవ్వలు ఎగిరే షెడ్డులో దాన్ని వాడకపోవడమే మంచిది.

అసలు పట్టుకున్నది తుప్పేనా అన్నది ముందు తేలాలి. మరలకు గట్టి జిగురు రాసి బిగించి ఉంటే ఎంత నూనె పోసినా దండగే. దాదాపు 250 డిగ్రీల వేడి తగిలితే గాని అది వదలదు. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు ఒరుసుకుని లోహానికి లోహం అతుక్కున్నా అంతే, నూనె పెద్దగా చేసేదేమీ ఉండదు. రబ్బరు ఉన్నచోట కిరసనాయిలు రబ్బరును ఉబ్బిస్తుంది. బ్రేకు రాపిడి తలాల మీద నూనె చుక్క కూడా పడకూడదు. ఆక్సిజన్ సిలిండరు వాల్వుకు ఏ నూనె పూసినా పేలుడును పిలిచినట్టే. కారణం తెలుసుకోకుండా మందు వేయడం అవిద్యతో చేసిన పని. దాన్ని ఓర్పు అని పిలవడానికి వీల్లేదు.

ఇక బోల్టు కదిలింది అనుకుంటే, కదిలించింది ఎవరు? పైపైన పేరుకున్న తుప్పును తీగబ్రష్షుతో గీకడం, నూనె పోయడం, నానబెట్టడం, సుత్తితో చిన్న దెబ్బలు కొట్టి లోపలి తుప్పును చిట్లించడం, మళ్లీ నూనె పోయడం, పానాతో ముందు కొంచెం బిగించి ఆ తర్వాత వదులు చేయడం, ఇన్ని జరిగాక అది కదిలింది. వేడి చేసినా ఇలాంటిదే జరుగుతుంది. 20 మిల్లీమీటర్ల ఉక్కు నట్టు 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పెరుగుతుంది. ఆ కొంచెమే తుప్పును పగలగొట్టడానికి చాలు. చివరి దెబ్బకు కదిలింది కాబట్టి చివరి దెబ్బదే గొప్ప అనుకోవడం సహజం, తప్పు కూడా. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: ఆధారం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. తాను ఒక్కడే కర్తనని అనుకునేవాడికి చూపు సరిగా లేదని కూడా అక్కడే అంటుంది. న్యాయ దర్శనం కాలాన్ని పుట్టే ప్రతిదానికీ సాధారణ కారణాల్లో ఒకటిగా చెప్పింది. నూనె ఎంచుకోవడమంటే ఆ ఐదింటిలో సాధనాన్ని ఎంచుకోవడమే. పల్చని మంచి నూనె కాలం చేయాల్సిన పని తగ్గిస్తుంది, కిరసనాయిలు పెంచుతుంది. ఏదీ దాన్ని పూర్తిగా తీసేయదు.

అందువల్ల రాత్రంతా నానబెట్టడం అకర్మ కాదు. కేశనాళికలో నూనె దిగుతూనే ఉంది, దాన్ని దిగనిచ్చేది ఫిట్టరు సంకల్పమే. అతను చేయి వెనక్కి తీసుకోవడం కూడా ఆ పనిలో భాగం. పానాకు పొడవాటి పైపు తొడిగి ఒంటి బరువంతా మోపడం పైకి గొప్ప కర్మగా కనిపిస్తుంది. తల తెగిపోయిన బోల్టును డ్రిల్లుతో తొలిచి తీయాల్సి వచ్చినప్పుడు అది వికర్మ అని తేలుతుంది. శంకరాచార్యులు తన భాష్యంలో ఇంకో హెచ్చరిక చేశారు: నేను ఏమీ చేయకుండా హాయిగా ఉన్నాను అని అనుకుంటూ కూర్చోవడంలోనూ కర్తృత్వ భావం ఉంది, కాబట్టి అదీ కర్మే. శంకరుల లక్ష్యం ఆత్మజ్ఞానం, బోల్టు కాదు నిజమే. అయినా ఆ పరీక్ష ఇక్కడ చక్కగా సరిపోతుంది. నూనె పోయకుండా, కారణం వెతకకుండా రేపు చూద్దాంలే అని వదిలేసినవాడు ఓర్పు చూపించలేదు, బద్ధకాన్ని ఎంచుకున్నాడు.

ఖరగ్‌పూర్ ఈ తేడాను ఇంకా పెద్ద ఎత్తున చూసింది. 1927లో వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. ఆ రోజుల్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల నాయకుల్లో బరంపురంలో పుట్టిన తెలుగువాడు, తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి ఒకరు. సమ్మె పైకి పని మానేయడమే. కానీ కడుపు మాడ్చుకుని, చేతులు కట్టుకుని, హింసకు దిగకుండా నిలబడడం కన్నా కష్టమైన పని వర్క్‌షాపులో ఏదీ ఉండదు. ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో వచ్చే విశ్వకర్మ పూజ నాడు పనిముట్లకు పని ఆపి, కడిగి, బొట్టుపెట్టి దండం పెట్టే ఆచారం కూడా పనికి విరామం అవసరమని గుర్తించినదే.

అయితే ఎదురుచూపుకు హద్దు ఉండాలి. బోల్టును కాపాడడం ధర్మం కాదు, రైలెక్కే మనిషిని కాపాడడం ధర్మం. రెండు మూడు సార్లు నూనె పోసి, కొట్టి, వేడి చేసినా కదలనిదాన్ని గ్యాస్‌తో కోసేయాలి, అందులో ఓటమేమీ లేదు. కదిలి బయటికి వచ్చినా మరలు తుప్పు తిని సన్నబడితే దాన్ని మళ్లీ పెట్టె కిందికి పంపకూడదు. ఓపికగా విడిపించాం కదా అనే మమకారంతో పాత బోల్టును తిరిగి బిగించడమే ఈ పనిలో జరిగే పెద్ద తప్పు. ఇంతదాకా ఒప్పుకునే పై అధికారులు ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: నూనె నానే గంటల్ని ఖాళీ గంటలుగా కాక పని గంటలుగానే పనిచీటీలో రాయాలి. అలా రాయనంతకాలం ఫిట్టరు పైపు తొడుగుతూనే ఉంటాడు, బోల్టులు తెగుతూనే ఉంటాయి.