చిన్న తుఫాను

"పోనిద్దూ పిన్నీ, చిన్న తుఫానేగా!"

ఈ మాట అన్నది నేనే. అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

2006 అక్టోబరు నెలాఖరు. బంగాళాఖాతంలో పుట్టిన తుఫానుకి 'ఓగ్ని' అని పేరు పెట్టారు. బంగ్లాదేశ్ వాళ్ళిచ్చిన పేరు. అగ్ని అని అర్థంట! ఊళ్ళు ముంచే నీళ్ళకి నిప్పు పేరేమిటో, పెట్టినవాళ్ళకే తెలియాలి. దాని ఆయుష్షూ అంతంతమాత్రమే. 29న తుఫానైంది, 30న బాపట్ల దగ్గర తీరం దాటి చల్లబడింది. మనం పప్పు నానబోసి, రుబ్బి, పులియబెట్టి, ఇడ్లీ వేసుకునేలోగా దాని కథ ముగిసిపోయింది.

తుఫానుకి పేరు రావాలంటే గాలి గంటకి 62 కిలోమీటర్ల వేగమైనా అందుకోవాలి. ఓగ్ని ఆ గీత దాటిందంతే. కాని వానకి ఆ లెక్కతో పనేముంది? గాలి నీరసంగా ఉన్నా మబ్బు కుమ్మరించగలదు. కోస్తాలో అదే జరిగింది. డెల్టా నేల పళ్ళెంలా చదును; పడిన నీరు ఓ పట్టాన కదలదు. వరిచేలు మునిగాయి. పదులకొద్దీ ప్రాణాలు పోయాయి.

మా పిన్నిది బాపట్ల దాపున పల్లె. "చేనంతా నీళ్ళేనే అమ్మాయ్, కంకి పాలు పోసుకునే వేళ" అంది ఫోనులో. ఓదార్చాలనే అనుకున్నాను, ఒట్టు! "పోనిద్దూ పిన్నీ, చిన్న తుఫానేగా. 77 ఉప్పెన ముందు ఇదెంత?" అన్నాను. కాసేపు పలకలేదు. తరవాత "అవున్లే తల్లీ" అని ఫోను పెట్టేసింది.

పదిహేను రోజులకి చూడ్డానికి వెళ్ళాను. చేను కుళ్ళువాసన కొడుతోంది. అరుగుమీద కూచుని పొరుగావిడతో అంటోంది పిన్ని: "మనదేముందే, ఆ ఉప్పెనలో దివిసీమ వాళ్ళు కడుపున పుట్టిన పిల్లల్నే పోగొట్టుకున్నారు."

నేనన్న మాటే! మరి నా నోట ముల్లయింది, ఆమె నోట మందెలా అయింది?

చాలాకాలం ఆలోచించాను. పడ్డవాళ్ళు తమ కష్టాన్ని తామే చిన్నది చేసుకుంటే అది ధైర్యం. ఒడ్డున ఉన్నవాళ్ళు చిన్నది చేస్తే అది తప్పించుకోవటం. 'ఇదెంత' అనేస్తే ఇక వినక్కర్లేదు కదా!

కొలత లేకపోతే లోకమెలా నడుస్తుందని మీరడగచ్చు. నిజమే. ఉన్నది పది బస్తాల బియ్యమైతే ఎవరింట్లో పొయ్యి వెలగలేదో చూసే పంచాలి. డాక్టరు కూడా ప్రాణంమీదికొచ్చినవాణ్ణే ముందు చూస్తాడు. పెట్టే చేతికి కొలత కావాలి, కాదనను. కాని వినే చెవికెందుకు? ఒకరి గోడు విన్నంత మాత్రాన ఇంకొకరి వాటా తరిగిపోదే!

అయినా మనం కొలుస్తూనే ఉంటాం. రెండోనెలలో కడుపు పోయిన పిల్లతో "ఇంకా రూపన్నా రాలేదుగా" అంటాం. ఎనభయ్యేళ్ళ తల్లిని సాగనంపి వచ్చినామెతో "పండుటాకు రాలింది" అంటాం. అన్నీ చిన్న తుఫానులే! పేపర్లో రెండోరోజుకే లోపలి పేజీకి పోయేవి. కాని మునిగిన గుమ్మంలో నిలబడ్డ మనిషికి తుఫాను పెద్దదా చిన్నదా అన్న తేడా తెలుస్తుందా? ఆమెకున్నది ఒక్కటే చేను, అది మునిగింది.

2010 మే నెలలో లైలా తుఫానూ బాపట్ల దగ్గరే తీరం దాటింది. లైను దొరకగానే ఈసారి ఉప్పెన ఊసెత్తలేదు. "ఎంతదాకా వచ్చాయి పిన్నీ నీళ్ళు?" అనడిగాను.

"గడపదాకానే" అంది.

ఆ గడపదాకా వచ్చిన నీళ్ళ సంగతి అరగంట చెప్పింది. తడిసిన పిడకలూ, గాలికి పడిపోయిన మునగచెట్టూ, రాత్రంతా అరుస్తూనే ఉన్న దూడా... అన్నీ చెప్పింది. నేను 'ఊఁ' కొడుతూ విన్నాను. చివరికి తనే నవ్వి, "పోనీలేవే, చిన్న తుఫానేగా!" అంది.

ఆ మాట అనాల్సింది ఆమే. నేను కాదు.