మోసేవాళ్లు, నడిచేవాళ్లు

లడఖ్‌లోని చాంగ్‌తాంగ్‌లో, రుమ్‌త్సే నుంచి త్సో మోరిరి సరస్సు దాకా ఎనిమిది రోజులు నడిచాను. 5,000 మీటర్లు దాటిన కనుమలు ఎక్కి దిగాను. యాభై ఏళ్లకు ఇల్లూ కాలేజీ వదిలి, ఎవరినీ అడక్కుండా చేసిన మొదటి ప్రయాణం. ఇదే స్వేచ్ఛ అనుకున్నాను.

అయిదో రోజు చాంగ్‌పా సంచార పశుపాలకుల మకాం దగ్గర ఆగాం. జడలబర్రె వెంట్రుకలతో నేసిన నల్లటి గుడారం ముందు, ఎదురెదురుగా మెడలు కలిపి కట్టిన పష్మీనా మేకల పాలు పితుకుతోంది ఒకామె. "గోడల్లేని జీవితం, ఎంత అదృష్టం!" అన్నాను. గైడ్ ఆమెకు చెప్పాడు. ఆమె చెయ్యాపకుండానే ఏదో అడిగింది.

"మీ సామాను ఎవరు మోస్తున్నారంటోంది, మేడమ్."

నా గుడారం, బియ్యం, బట్టలు గుర్రాల మీద ఉన్నాయి. నాకంటే ముందే చేరి టీ కాచే మనిషి ఒకతనున్నాడు. ఇంటి చాకిరీ ఎవరికీ కనబడదని ఇరవై ఏళ్లుగా రాస్తున్న నాకు, వాళ్ల చాకిరీ కనబడలేదు.

ఆమెది విహారం కాదు. గడ్డి ఉన్నచోటికి కదలకపోతే మంద బతకదు. ఖర్నక్ ప్రాంతపు కుటుంబాలు చాలా, పిల్లల చదువు కోసం, వైద్యం కోసం లేహ్ దగ్గర స్థిరపడ్డాయి. నేను విడిచొచ్చిన గోడల్నే వాళ్లు కోరుకున్నారు. ఆమె బతుకును చూసి మురిసిపోయినా, జాలిపడినా ఒకటే. రెండింటిలోనూ ఆమె మాట వినబడదు.

అలాగని నా స్వేచ్ఛ అబద్ధమనను. కాకపోతే అది అప్పు తెచ్చుకున్నది. ఎవరికి బాకీ ఉన్నామో తెలుసుకోవడం దగ్గరే నీతి మొదలవుతుంది. గుర్రాలవాళ్లకు కూలి ఇచ్చాను. ఆ ఎనిమిది రోజులూ మా ఇంట్లో వండింది డెబ్భై ఆరేళ్ల మా అత్తగారు. ఎక్కడికైనా వెళ్లాలనుందా అని ఆవిడను ఇంతవరకూ నేను అడగలేదు.