కనబడుట యొక్కటి, కనబరచుకొనుట మరియొకటి



వెదకుట మనుష్యుని స్వభావము. మన కుందుర్పి మెట్టమీద నివసించువారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ జిల్లాలో నీటికొరకు వెదకని రైతు లేడు. టెంకాయను అరచేత నిలిపి చూచువాడొకడు, వేపపుల్ల పట్టుకొని నడచువాడొకడు; బోరు దిగినప్పుడే గాని నిజము తెలియదు. ఇప్పుడు ఈ వెదకుట మరియొక రూపము దాల్చినది. శెనక్కాయ ఆకుమీద మచ్చలు కనబడగానే రైతు సెల్‌ఫోను తీసి అడుగుచున్నాడు. బిడ్డకు జ్వరము తగ్గనియెడల తల్లి అడుగుచున్నది. క్షణములో జవాబులు వరుసగా వచ్చుచున్నవి. మొదటిదానిని నమ్మి మనము లేచిపోవుచున్నాము.

ఆ మొదటి స్థానమును ఎవరు ఇచ్చిరి? దానిని సంపాదించుకొనుటకు ఒకడు పాటుపడుట న్యాయమా, పాపమా? ఇది పట్టణవాసుల సంగతి యని త్రోసివేయకుడి. మన పల్లెల యువకులు కొందరు ఈ పనిచేసియే అన్నము తినుచున్నారు.

మొదట ఆ యంత్రము పనిచేయు విధమును తెలిసికొందము. గూగుల్ మొదలైనవాటిని సెర్చ్ ఇంజిన్లు అందురు. మనము అడిగినప్పుడు అది లోకమంతయు తిరిగి చూడదు. ముందుగానే తిరిగి, చూచి, వ్రాసి పెట్టుకొన్నది. ఒక వెబ్‌సైటులోనుండి మరియొక దానికి దారిచూపు గురుతును లింకు అందురు. ఆ లింకుల వెంబడి యంత్రము పుటనుండి పుటకు నడచును. చూచిన ప్రతి పుటలోని మాటలను ఏరి, ఏ మాట ఎక్కడ నున్నదో సూచిక కట్టును.

ఈ సూచిక మన క్రైస్తవులకు క్రొత్తది కాదు. 13వ శతాబ్దములో పారిస్ పట్టణమందు హ్యూ అను డొమినికన్ సన్యాసి పెత్తనము క్రింద అనేకులు కూడి లాటిను బైబిలులోని మాటలకు అట్టి పదసూచిక కట్టిరి. 1737లో లండను నగరమందు అలెగ్జాండర్ క్రూడెన్ ఇంగ్లీషు బైబిలుకు సూచిక ప్రకటించెను. ఆ సూచికకును ఈ యంత్రపు సూచికకును మూలమైన ఆలోచన ఒక్కటే: మాటను పట్టుకొని చోటికి పోవుట.

అయితే ఒక మాట లక్ష చోట్ల నున్నయెడల దేనిని ముందు చూపవలెను? 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనువారు దీనికి ఒక ఉపాయము ప్రకటించిరి. ఒక పుట మరియొక పుటకు లింకు వేయుట దానినిగూర్చి సాక్ష్యమిచ్చుటయే యని వారు ఎంచిరి. ఎక్కువమంది సాక్ష్యము పొందిన పుట గొప్పది. అంతేకాక, తానే మంచి సాక్ష్యము పొందినవాని సాక్ష్యమునకు విలువ హెచ్చు. మన సంఘములలో ఒక కుటుంబము ఊరు మారినప్పుడు పాత సంఘకాపరి యొద్దనుండి పత్రిక తెచ్చుట లేదా? పేరుగల కాపరి వ్రాసిన పత్రికకు ఒక గౌరవము, ఎరుగని వాని పత్రికకు మరియొక గౌరవము. ఈనాడు యంత్రము చూచు గురుతులు అనేకము పెరిగినవి గాని, సాక్ష్యమను పునాది తొలగిపోలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. కనబడుటకై ప్రయాసపడుట దానంతట అది పాపము కాదు. మన తెలుగు భాష సంగతియే చూడుడి. కంప్యూటరులో తెలుగు అచ్చు వేయు మొదటి కాలమందు పత్రికలు తమ తమ సొంత ఫాంటులను వాడెను. చూచువానికి తెలుగు అక్షరమే కనబడెను; యంత్రమునకు మాత్రము అర్థములేని ఇంగ్లీషు గురుతులు కనబడెను. 1991లో వెలువడిన యూనికోడ్ అను ఏర్పాటులో తెలుగు అక్షరములకు స్థిరమైన సంఖ్యలు దొరికినవి. వ్రాయువారు క్రమక్రమముగా దానిలోనికి మారిన తరువాతనే తెలుగు మాట వెదకినవానికి తెలుగు పుట దొరకుట మొదలాయెను. అంతకుముందు ఎంత మంచి సంగతి వ్రాసినను అది కుంచము క్రింద పెట్టిన దీపమే.

కనుక రైతు "ఆకు మీద మచ్చలు" అని అడుగుననియెరిగి, తిక్క తెగులునుగూర్చి వ్రాయువాడు ఆ మాటను కూడ వ్రాయుట ప్రేమగల పని. పుటకు లోపలనున్న సంగతి తెలుపు తలకట్టు పెట్టుట, ఊరిపేరు స్పష్టముగా వ్రాయుట, బలహీనమైన ఫోనులో సహితము త్వరగా తెరచుకొనునట్లు చేయుట, ఇవన్నియు బస్టాండు దగ్గర దారిచూపు పలక నిలిపినట్టివే. వెదకువాడు అలసిపోకుండ చేయుట పొరుగువానికి చేయు సేవ.

మరియొక విధము గలదు. తెల్లని పుటపై తెల్లని అక్షరములతో వందల మాటలు దాచి వ్రాయుదురు. మనిషి చూడడు, యంత్రము చదువును. డబ్బిచ్చి లింకులు కొందురు. 2006లో జర్మనీ దేశపు బీఎండబ్ల్యూ మోటారు సంస్థ యంత్రమునకు ఒక పుటను, మనుష్యులకు మరియొక పుటను చూపినందున గూగుల్ ఆ సైటును కొన్ని దినములు తన జాబితాలోనుండి తొలగించెను. 2011లో జేసీ పెన్నీ అను అమెరికా దుకాణమునకు సంబంధములేని వేలకొలది చోట్లనుండి లింకులు వేయబడిన సంగతిని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టగా, దాని స్థానము క్రిందికి పడిపోయెను. మన దేశములో దీనికంటె క్రూరమైనది జరుగుచున్నది. మోసగాండ్రు బ్యాంకుల పేరిట దొంగ ఫోను నంబర్లు పెట్టి, అవి వెదకువారి కంటబడునట్లు చేయుచున్నారు. ఆపదలో ఫోను చేసినవాడు ఉన్నదికూడ పోగొట్టుకొనుచున్నాడు.

ఆకులు నిండియుండి పండ్లులేని అంజూరపు చెట్టును మన ప్రభువు చూచిన సంగతి జ్ఞాపకము చేసికొనుడి. ఆకులుండుట తప్పు కాదు. ఆకలిగొన్నవానికి దూరమునుండి ఆశచూపి, దగ్గరకు వచ్చినప్పుడు ఏమియు ఇయ్యకపోవుటయే దాని అపరాధము.

ఒక యౌవనస్థుడు నన్నడిగెను: "అయ్యగారూ, నేను అడుగుపెట్టని హోటలు గురించి మంచిదని యాభై పేర్లతో వ్రాస్తే డబ్బులిస్తారు. నేనెవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ ఎత్తుకోలేదు. ఇది పాపమంటారా? ఇది మానితే బెంగుళూరుకు కూలికి పోవాల." అతని మాటలో బరువున్నది. వానలేని ఏడు కడుపు ఎట్లు నిండునో ఎరుగనివారు మాత్రమే దానిని తేలికగా త్రోసివేతురు. అయినను నేను, "నాయనా, యాభైమంది లేని సాక్షులను నీవు నిలబెట్టినావు. అబద్ధసాక్ష్యము పలుకకూడదను ఆజ్ఞ న్యాయస్థానమునకు మాత్రమే కాదు. నీ మాట నమ్మి ఎవరో తమ కష్టార్జితము ఖర్చుపెడతారు" అంటిని.

అందుకు అతడు, "నిజాయితీపరుడు ఊరకుంటే మోసగాడే ముందుంటాడు గదా?" అనెను. ఇది గట్టి ప్రశ్న. నిజాయితీపరుడు ఊరకుండవలసిన పనిలేదు; న్యాయమైన ప్రయాసమంతయు అతడు చేయవచ్చును, చేయవలెను. ఎక్కడ ఆగవలెననుటకు ఒక గురుతు చెప్పుదును. నీవు చేసినదంతయు వెదకువాని యెదుట పరచినయెడల అతడు నీకు కృతజ్ఞత చెప్పునా, సిగ్గుపడునట్లు నిన్ను చూచునా? యంత్రమునకు చూపి మనుష్యునికి దాచవలసివచ్చిన ప్రతి పనియు ఈ పరీక్షలో ఓడిపోవును. మోసగాడు కొంతకాలము నీకంటె ముందుండవచ్చును. ఆ నష్టము నిజమైనదే; నష్టములేని నీతి యుండునని మన ప్రభువు ఎన్నడును వాగ్దానము చేయలేదు. అయితే ఆ నష్టమును అతడొక్కడే మోయవలెనా? అతనికి న్యాయమైన పని దొరకువరకు తోడుపడుట సంఘపు బాధ్యత. బోధించి చేతులు దులుపుకొనుట చాలదు.

కాపరులమైన మనము మనలను కూడ పరీక్షించుకొందము. రోగము నయముకాక అర్ధరాత్రి ఫోనులో వెదకు దీనులను ఆకర్షించుటకు, జరుగని అద్భుతములను తలకట్టులుగా పెట్టుట మన మధ్యను లేదా? వీధి మూలలలో నిలిచి ప్రార్థించినవారిని ప్రభువు గద్దించెను. వీధి మారినది గాని ఆశ మారలేదు.

వెదకువారికి ఒక్క మాట. మొదట కనబడినది డబ్బిచ్చి వేయించిన ప్రకటన కావచ్చును. బ్యాంకు నంబరును మీ పాస్‌బుక్కులో చూడుడి. పంట మందునుగూర్చి వ్యవసాయాధికారిని కూడ అడుగుడి. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట సంగతి స్థిరపరచుకొనవలెనను మోషే ధర్మము ఈ దినమునకును చక్కగా సరిపోవును.

కడపట ఒక తారతమ్యము గమనించుడి. అనేకులు దారిచూపిన దానినే యంత్రము పైకెత్తును. ఎవరును లింకు వేయని పుట, ఎవరును పేరెత్తని విధవరాలు, దాని లెక్కలో అడుగున నుందురు. మంచికాపరి లెక్క వేరు. ఆయన తొంబది తొమ్మిదింటిని విడిచి, దారితప్పిన ఒక్కదానిని వెదకబోవును. ఆయనకు కనబడుటకై మనము అక్షరములు దాచి వ్రాయనక్కరలేదు. ఆయన మనలను చూచియున్నాడను ధైర్యముగలవాడు మొదటి స్థానముకొరకు అబద్ధమాడడు.

వెదకువారికి నిజమైన దారిచూపు కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.