ఎవరు తూచారు?

చిలకలూరిపేట పక్క మా ఊళ్లో పత్తి తీతకు వెళ్లిన రోజుల గురించి మాట్లాడుతూ అమ్మ ఒకసారి "రోజుకి నలభై కిలోలు తీసేదాన్నే" అంది. "ఎవరు తూచారమ్మా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆధారం లేని మాట ఒప్పుకోకూడదని పరిశోధనలో కొత్తగా నేర్చుకుంటున్న రోజులు. కాటా వేసేవాళ్లట, కానీ పుస్తకంలో రాసేది నాన్న పేరు మీద. ఇద్దరి మూటలూ కలిపి ఒకటే అంకె.

మామీ జాన్సన్ గురించి చదువుతుంటే ఆ ప్రశ్న నాకే గుచ్చుకుంది. 1935లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో (అదీ పత్తి నేలే) పుట్టిన నల్లజాతి స్త్రీ. బేస్‌బాల్‌లో పిచర్, అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటి మనిషి. చిన్నప్పుడు రాయికి టేపు చుట్టి బంతి చేసుకుందట. ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎంపికకు వెళితే, రంగు చూసి బంతి విసిరే అవకాశమే ఇవ్వలేదు. 1953లో ఇండియానాపొలిస్ క్లౌన్స్ అనే నల్లవాళ్ల జట్టు తీసుకుంది. 1955 దాకా మగవాళ్లతో, మగవాళ్ల మీద ఆడింది. వేరుశనగ గింజంత లేవని వెక్కిరించిన బ్యాటర్ని అవుట్ చేసి, ఆ 'పీనట్' పేరునే ఉంచేసుకుందని చెబుతారు.

33 ఆటలు గెలిచి 8 ఓడిందనీ చెబుతారు. ఈ 'చెబుతారు' దగ్గరే నేను ఆగిపోయాను. 1947లో జాకీ రాబిన్సన్ పెద్ద లీగులో అడుగుపెట్టాక మంచి ఆటగాళ్లు అటు తరలిపోయారు, నల్లవాళ్ల లీగులు ఖాళీ అయ్యాయి. టికెట్లు అమ్ముకోవడానికే ఆడవాళ్లను తీసుకున్నారన్న మాటా ఉంది. కావచ్చు. వింత చూడ్డానికి జనం వచ్చినంత మాత్రాన బంతి వంపు తిరగడం మానేస్తుందా?

1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు నల్లజాతి లీగులను మేజర్ లీగులుగా ఒప్పుకున్నది 2020లో. ఆ అంకెలను అధికారిక రికార్డుల్లో కలిపింది 2024లో. మామీ ఆడిన ఏళ్లు ఆ గీతకు ఇవతల ఉండిపోయాయి. ఆట మానేశాక ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసి, 2017లోనే ఆమె వెళ్లిపోయింది.

ఆమె 33ని నేను వెంటనే నమ్మాను. అమ్మ నలభైకి కాటా అడిగాను. ఒకటి అచ్చులో చదివాను, ఇంకొకటి వంటింట్లో విన్నాను. తేడా అంతే, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు తూకం సంగతి వదిలేసి, ఎలా తీసేదానివని అడిగాను. రెండు సాళ్ల మధ్య నడుస్తూ కుడిచేత్తో ఇటూ ఎడంచేత్తో అటూ తీసేదట. తక్కినవాళ్లు ఒక సాలు చివరికొచ్చేసరికి తను తిరుగుముఖం పట్టేదట. మంచం మీద కూర్చునే, రెండు చేతులూ చాచి చూపించింది.