కాపాడుటయు కట్టివేయుటయు

బిడ్డను అపాయమునుండి కాపాడుట తలిదండ్రుల ధర్మ మనుటలో వివాదము లేదు. ఆ ధర్మ మెప్పటితో ముగియును, తన యపాయమును దానే తూచుకొను నధికారము బిడ్డ కెప్పుడు వచ్చును అనుచోటనే వివాద మున్నది. పెక్కిండ్లలో నీ ప్రశ్న పైకి రాదు. ఉద్యోగము, వివాహము, వేఱుకాపురము వచ్చి దానిని చప్పుడు లేకుండ తీర్చిపోవును. మూర్ఛరోగముగల బిడ్డ యున్న యింట నది తీఱక నిలిచియుండును. ఇరువది రెండేండ్ల కుమారుడు స్నానమునకు బోయినప్పుడు తల్లి తలుపు వెలుపల నిలిచి నీళ్ళచప్పుడు వినుచుండును. చప్పు డాగినచో పేరుపెట్టి పిలుచును. ఆమెను జూచి నవ్వువారు నిర్దయులు. విసిగికొనిన యా కుమారుని కృతఘ్ను డనువారును నట్టివారే. ఈ యిరువురిలో న్యాయ మెవరిపక్షమున నున్నదో విచారింప దలచితిమి.

మన వైద్యగ్రంథములు దీనిని అపస్మార మనినవి, పల్లెజనులు కాకిసొమ్మ యనిరి, నేటివారు ఫిట్సందురు. చరకసంహితలో దీనికి నిదానమును చికిత్సయు గలవు. గ్రీకుదేశమున క్రీస్తునకు పూర్వము సుమారు 400 ఏండ్లనాడు, హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి, ఇది దేవతల యాగ్రహఫలము కాదనియు, మెదడునుండి పుట్టు వ్యాధియే యనియు వాదించెను. నటరాజు పాదముక్రింద నణగియున్న మరుగుజ్జునకు మాత్రము మనవారు అపస్మారుడని పేరిడిరి. వైద్యుల మాటకంటె శిల్పుల బొమ్మయే జనుల మనస్సులలో నాటుకొన్నదని మాకు దోచును. లేనిచో రోగిని భూతవైద్యునొద్దకు గొనిపోవుట, పడినవాని చేతిలో తాళపుచెవు లుంచుట, ముక్కునొద్ద ఉల్లిపాయ పెట్టుట యిన్నినాళ్ళు నిలిచియుండవు. మెదడులోని నాడీకణము లొక్కుమ్మడి క్రమము తప్పి విద్యుత్ప్రేరణలు వెలువరించుటయే మూర్ఛ. అది యంటువ్యాధి గాదు, ఉన్మాదము గాదు. 1912లో ఫినోబార్బిటోనును, 1938లో ఫెనిటాయినును దీనికి మందులుగా దేలినవి. తరువాత మఱి పెక్కు వచ్చినవి. తగిన చికిత్స దొరకినచో నూటికి డెబ్బదిమందివఱకు మూర్ఛలు లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చదివి, సంపాదించి, సంసారము చేయదగిన వారినిగూర్చియే మనము మాటలాడుచున్నాము.

అతిరక్షణమే యపాయము దెచ్చు విధమును జూడుడు. పదేండ్లపాటు ఉదయసాయంకాలములు తల్లియే మాత్రయు మంచినీళ్ళును చేతి కందించును. వైద్యునియెదుట తండ్రియే మాటలాడును. పదునెనిమిదేండ్లు నిండి కుమారుడు హైదరాబాదునకు ఇంజనీరింగు చదువునకు బోవును. అప్పటికి తన మందు పే రతనికి దెలియదు, ఎన్ని మిల్లీగ్రాములో తెలియదు, ఒకపూట తప్పినచో నేమి చేయవలెనో తెలియదు. వసతిగృహమున పరీక్షలకై రాత్రులు మేల్కొనును. మందు తప్పుట, నిద్ర తప్పుట అను రెండును ఆగియున్న మూర్ఛ తిరిగివచ్చుటకు మిక్కిలి సామాన్యమైన కారణములు. యౌవనారంభమున బొడసూపు నొకజాతి మూర్ఛ కలదు. దానిలో నిద్రలేచిన కొంతసేపటికి చేతు లదరును. చేతిలోని కాఫీగ్లాసు జాఱిపడును. అజాగ్రత్త యని పిల్లకు చీవాట్లు పడును. మందుతో నిది పెక్కుమందికి చక్కగా నణగును, కాని మానినచో తిరిగివచ్చుటయు నెక్కువ. బాగుగనే యున్నాను గదా యని యా పిల్ల తనంతట మందు మానివేయును. మానరా దనుటకు కారణ మామె కెవరైన జెప్పియుండిరా? పిల్లల వైద్యుడు పెద్దల వైద్యునకు కాగితము వ్రాసి పంపును. అం దున్న దేమో రోగికి చదివి చెప్పువా రరుదు. పండ్రెండు, పదుమూడేండ్లనుండియే వైద్యుని ప్రశ్నలకు బిడ్డయే ముందు బదులు చెప్పుట, తలిదండ్రులు తరువాత పూరించుట యలవాటు చేసినయెడల నీ దురవస్థ కొంత తొలగును.

ఇంతమాత్రమున అపాయము కల్ల యనుట మా మతము గాదు. అపాయములలో తనకు మాత్రమే కలుగునవి కలవు, ఇతరులకును గలుగునవి కలవు. మోటారుబండి నడుపువాడు స్మృతి తప్పినచో వీధిలోని బాలునకు గూడ ప్రాణహాని. మన దేశమున వాహనపు లైసెన్సుకొఱకు సమర్పించు పత్రములోనే మూర్ఛలు గలవా యను ప్రశ్న యున్నది. అచ్చట అసత్యము వ్రాయుటను స్వాతంత్ర్యమని మే మొప్పము, ఫలిత మెంత బాధాకరమైనను. బస్సుననో రైలుననో పోవలెను. తన కొక్కనికే కలుగు నపాయమున మాత్రము తూచువాడు తానే కావలెను; పెద్దలు తక్కెడ చేతికిచ్చి తొలగవలెను. కాలువలో నొంటరిగ నీదరాదు. స్నానపుగది గడియ వేయక తలుపు దగ్గఱగా మూయవలెను. రైలులో క్రిందిపడక కోరవలెను. తోడివారిలో నొక్కరికైన చెప్పియుంచవలెను: పడినచో పక్కకు త్రిప్పి పరుండబెట్టుడు, తలక్రింద మెత్తనిది యుంచుడు, నోట నేమియు బెట్టకుడు, కాలుసేతులు గట్టిగా బట్టకుడు, అయిదు నిమిషములకు నాగనిచో ఆసుపత్రికి గొనిపొండు. గడియ తీసియుంచుటకు కుమారు డొప్పుకొనినచో తల్లి తలుపునొద్దనుండి తొలగవచ్చును. ఈ చిన్న యొడంబడిక కుదురక యేండ్లతరబడి పోరుచున్న యిండ్లను మే మెఱుగుదుము.

కుమార్తెల విషయ మింకను కఠినము. కుమారుని రోగమును రోగముగానే చూచు లోకము కుమార్తె రోగమును వంశపు మచ్చగా నెంచుచున్నది. శాసనముగూడ కొన్నాళ్ళు ఈ దురభిప్రాయమునకు దోడుపడినది. 1955 నాటి హిందూవివాహశాసనమును 1976లో సవరించినప్పుడు, మాటిమాటికి వచ్చు మూర్ఛలను ఉన్మాదము ప్రక్కనే వివాహమునకు ప్రతిబంధకముగా జేర్చిరి. 1999లో గాని యా మాట తొలగలేదు. శాసనము మాఱినను పెండ్లిపెద్దల మాట మాఱలేదు. తలిదండ్రులు దాచుదురు. నూతనవధువు అత్తవారింట పెట్టె యడుగున మాత్రలు దాచి, ఎవరైన చూతురేమో యని రెండుపూటలు మ్రింగక, మూడవనాడు వంటయింట బడిపోవును. అప్పుడు రోగమునకు తోడు మోసమను నపవాదము వచ్చును. ఆ మోస మామె తలపెట్టినది గాదు. దీనికంటె ఘోర మింకొకటి కలదు. మూర్ఛమందులలో వాల్ప్రోయేటును గర్భిణులు పుచ్చుకొన్నచో, పుట్టు శిశువులలో నించుమించు పదింట నొకరికి అవయవలోప మేర్పడును. బుద్ధివికాసము కుంటుపడుటయు గలదు. గర్భము ధరింపకముందే వైద్యుని యాలోచనతో మందు మార్చుకొనవలెను. భయపడి తనంతట నాపినచో తల్లికిని బిడ్డకును అపాయము. రోగమునే దాచిన యింట నామె యీ సంగతి యెవరి నడుగును?

పెండ్లాడబోవు వ్యక్తికి, నిశ్చయమునకు ముందు, రోగముగల యువతియో యువకుడో స్వయముగ జెప్పవలెనని మా యభిప్రాయము. ఊరందఱికి జెప్ప బనిలేదు. చుట్టములకు లెక్క యప్పగింప నక్కఱలేదు. చెప్పినచో సంబంధము తప్పిపోవునేమో యందురు. తప్పిపోవచ్చును. ఆ నష్టమును మేము చిన్నదిగా జేసి చెప్పజాలము. కాని జీవితమంతయు పెట్టె యడుగున దాగిన మాత్రలతో గడపుట దానికంటె పెద్ద నష్టమని యెంచుచున్నాము.

ఇంత చెప్పినను ఒక తల్లి మమ్ము నడుగవచ్చును: ఒంటరిగా నిద్రించుచు నా బిడ్డ ప్రాణము విడిచినచో మీ వాద మెందులకు? ఇది వట్టి భయము గాదు. మూర్ఛరోగులలో, అరుదుగానైనను, ఆకస్మికమరణము గలదని వైద్యు లెఱుగుదురు. పెద్దమూర్ఛలు తఱచుగా వచ్చువారియందును, మందు తప్పువారియందును అది యధికము. ఈ మాటను రోగితో ననక దాటవేయుట దయ యని కొంద ఱనుకొందురు. తన ప్రాణమునకు సంబంధించిన మాట తనకు దెలియకుండుట యెట్టి దయయో మాకు బోధపడదు. రాత్రి గదిలో తోడివా డొక డుండుట, ఉదయ మాఱుగంటలకు ఫోనుచేయుట వంటి యేర్పాట్లు తల్లి కోరవచ్చును, కుమారుడు బేరమాడవచ్చును. ఆఱు గాదు, ఎనిమిదిగంట లనినచో నామె యొప్పుకొనవలెను.